క్రైమ్ థ్రిల్లర్‌కి కర్ణాటక హక్కులు కొనాలా? గాంధీనగర్ లెక్క ఇదీ

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ బావమరిది, ఆయన స్నేహితులు ఇద్దరు, మీరు, మొత్తం నలుగురు కలిసి త్వరలో రాబోయే ఒక తెలుగు క్రైమ్ థ్రిల్లర్‌కి కర్ణాటక హక్కులు 60 లక్షలకి కొందామనుకుంటున్నారు. మీ వంతు 15 లక్షలు. ట్రైలర్ బాగుంది, మారతహళ్లి, బెళ్ళందూరు, వైట్‌ఫీల్డ్ చుట్టూ బోలెడంతమంది తెలుగువాళ్లున్నారు, బెంగళూరు జనానికి థ్రిల్లర్ అంటే ఇష్టం కాబట్టి పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు అని మీ బావమరిది అంటున్నారు. పెట్టొచ్చా అని మీరు అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. 60 లక్షలకి అవుట్‌రైట్‌గా, అంటే డబ్బంతా ముందే కట్టి లాభనష్టాలు మీవే అన్న పద్ధతిలో అయితే వద్దు. సినిమా బాగోదని కాదు. సినిమా బాగుండి, టాక్ బాగుండి, శని ఆదివారాలు హౌస్‌ఫుల్ బోర్డులు పడినా మీ డబ్బు వెనక్కి రాకపోయే అవకాశం ఉంది. నేను 22 ఏళ్లుగా బెంగళూరులో సినిమా ఆఫీసులుండే గాంధీనగర్‌లో, ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో ఉన్నాను. మొదట్లో కెంపేగౌడ రోడ్డు థియేటర్ల దగ్గర రెప్రజెంటేటివ్‌గా కౌంటర్ పక్కన కూర్చుని టికెట్లు లెక్కపెట్టాను, ఇప్పుడు తెలుగు సినిమాల బుకింగ్, లెక్కలు చూస్తున్నాను. నాకు తెలిసినంతలో థ్రిల్లర్ డబ్బు ఎలా కదులుతుందో చెబుతాను.

బయట వినిపించే కోట్లన్నీ గ్రాస్, అంటే ప్రేక్షకులు టికెట్లకి ఇచ్చిన మొత్తం. మీ చేతికి వచ్చేది షేర్. మల్టీప్లెక్స్‌లో టికెట్ 250 రూపాయలు అనుకోండి. వంద దాటిన టికెట్ మీద జీఎస్టీ 18 శాతం. అది తీసేస్తే మిగిలే నెట్ సుమారు 212. మొదటి వారం అందులో సగం డిస్ట్రిబ్యూటర్‌ది, అంటే 106 రూపాయలు. రెండో వారం 42.5 శాతం, మూడో వారం 37.5, ఆ తర్వాత 30. 2009లో హిందీ నిర్మాతలు రెండు నెలలు కొత్త సినిమాలు ఇవ్వకుండా మల్టీప్లెక్సులతో పోట్లాడాక కుదిరిన మెట్లు ఇవి. మన సినిమాలకి ఒప్పందాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి గానీ, వారం వారం వాటా దిగడం మాత్రం తప్పదు. యాప్‌లో టికెట్ మీద పడే కన్వీనియెన్స్ ఫీజులో మీకు పైసా రాదు.

ఈ దిగుడు అన్ని సినిమాలనీ ఒకేలా దెబ్బతీయదు. పెద్ద హీరో సినిమాకి డబ్బులో ఎక్కువ భాగం మొదటి మూడు రోజుల్లోనే, సగం వాటా ఉన్నప్పుడే వచ్చేస్తుంది. పేరున్న హీరో లేని థ్రిల్లర్‌కి జనం నెమ్మదిగా, ఒకరి మాట విని ఒకరు వస్తారు. వాళ్లు వచ్చేసరికి వాటా తగ్గిపోయి ఉంటుంది. అదే సీటు, అదే టికెట్, మీకు మాత్రం 106కి బదులు 90 రూపాయలు.

ఇప్పుడు మీ 60 లక్షల సంగతి. దాని మీద డిజిటల్ ప్రొజెక్షన్ ఛార్జీలు, పోస్టర్లు, ఆన్‌లైన్ ప్రకటనలు, బుకింగ్ ఆఫీసు కమీషన్ కలిపి కనీసం 12 లక్షలు వేసుకోండి. మీ బావమరిది ఈ ఖర్చు ప్రస్తావించినట్టు లేదు. అంటే మీ వంతు 15 కాదు, 18 లక్షలు. నలుగురికీ కలిపి 72 లక్షల షేర్ వస్తే అసలు దక్కినట్టు.

ఉదాహరణకి రోజుకి 120 షోలు దొరికాయనుకుందాం. శుక్ర, శని, ఆదివారాల్లో షోకి సగటున 90 మంది వస్తే 32,400 మంది. అప్పటికే శనివారం సాయంత్రం షోలన్నీ యాప్‌లో ఎర్రగా కనిపిస్తుంటాయి, మీ బావమరిది ఫోన్ మోగుతూనే ఉంటుంది. సోమవారం నుంచి గురువారం దాకా రోజుకి 80 షోలు, షోకి 40 మంది అనుకుంటే ఇంకో 12,800. మొదటి వారం 45,200 టికెట్లు, సుమారు 48 లక్షల షేర్. రెండో వారం వీకెండ్‌లో రోజుకి 60 షోలు, షోకి 80 మంది. మామూలు రోజుల్లో 40 షోలు, 35 మంది. కలిపి 20,000 టికెట్లు, 18 లక్షలు. మొత్తం 66. ఇంకా 6 లక్షలు మిగిలే ఉంది. మూడో వారంలో టికెట్‌కి 79 రూపాయల చొప్పున ఇంకో 7,600 మంది రావాలి. వస్తే అసలు దక్కుతుంది, లాభం లేదు. గుర్తుంచుకోండి, ఇది సినిమా చక్కగా నిలబడితే వచ్చే లెక్క.

అదే సినిమాకి శుక్ర, శని, ఆదివారాలు సరిగ్గా ఇలాగే ఉండి, సోమవారం నుంచి షోకి 40 బదులు 20 మంది వచ్చారనుకోండి. మొదటి వారం 41 లక్షల దగ్గర ఆగుతుంది. గురువారానికి మల్టీప్లెక్సులు షోలు కోసేస్తాయి. రెండో వారం రోజుకి 15 షోలు, అవి కూడా పొద్దున పదిన్నరకో, మధ్యాహ్నం రెండింటికో ఇస్తారు. షోకి 30 మంది చొప్పున వచ్చేది మూడు లక్షల లోపు. మొత్తం 44 లక్షలు, నష్టం 28, మీ ఒక్కరి వంతు 7 లక్షలు. రెండు సందర్భాల్లోనూ ఆదివారం రాత్రి దాకా బోర్డు ఒకటే. సోమవారం షోకి ఇంకో ఇరవై మంది వచ్చారా లేదా అన్నదే తేడా.

అందుకే మా ఆఫీసులో థ్రిల్లర్ విడుదలైతే శుక్రవారం పొద్దున డీసీఆర్, అంటే థియేటర్ల రోజువారీ వసూళ్ల లెక్క, చూసి ఎవరూ ఏమీ అనం. ఆదివారం రాత్రి పది గంటలకి సోమవారం ఏడు గంటల షో బుకింగ్ తెరుస్తాం. బెళ్ళందూరు దగ్గర ఒక స్క్రీన్, మారతహళ్లిలో ఒకటి, ఎలక్ట్రానిక్ సిటీలో ఒకటి, హెబ్బాళ వైపు ఒకటి. ఇంకో 21 గంటలు ఉండగానే ఆ నాలుగింట్లో వెనక రెండు వరుసలు నిండి ఉంటే సినిమా పట్టిందన్నమాట. మూలల్లో జంట సీట్లు మాత్రమే పోయి, మధ్యంతా ఖాళీగా ఉంటే శని ఆదివారాల జోరు అక్కడితో సరి. సోమవారం ఆఫీసు అయ్యాక ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పడి సినిమాకి రావాలంటే ఎవరో గట్టిగా చెప్పి ఉండాలి. ఊరికే పొద్దుపోక వచ్చే రకం కాదు వాళ్లు.

మీకు ఒక రాత్రి సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట చిన్న థ్రిల్లర్ ఒకటి కమీషన్ మీద, అంటే నష్టం నిర్మాతదే అన్న పద్ధతిలో వేశాం. హీరో పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టని రోజులు. శుక్రవారం మార్నింగ్ షోకి మారతహళ్లి వైపు ఒక స్క్రీన్‌లో 27 మంది. ఆ రాత్రి సెకండ్ షో వదిలే సమయానికి నేను ఎగ్జిట్ తలుపు దగ్గర నిలబడ్డాను. ఒంటి గంట దాటింది. సుమారు అరవై మంది ఉంటారు. మామూలుగా ఆ వేళకి జనం కళ్లు నులుముకుంటూ లిఫ్ట్ వైపు పరిగెడతారు. వీళ్లు కదల్లేదు. తెర మీద పేర్లు పడుతుంటే ఇంకా కొందరు సీట్లలోనే ఉన్నారు. కింద పార్కింగ్‌లో నలుగురు కుర్రాళ్లు బైకుల మీద కూర్చుని, స్టార్ట్ చెయ్యకుండా వాదించుకుంటున్నారు. "ఆ గడియారం ఇంటర్వెల్‌కి ముందే చూపించాడు రా, నువ్వు చూడలేదు" అని ఒకడు, "లేదు, అప్పుడు ఆమె చేతికి లేదు" అని ఇంకొకడు. సెక్యూరిటీ వచ్చి గేటు వేస్తున్నాం అంటే గానీ కదల్లేదు. పొద్దున ఆఫీసుకి వచ్చి మా యజమానితో ఒకటే మాట అన్నాను, షోలు పెంచమని అడగండి అని. ఆ సినిమాకి సోమవారం ఫస్ట్ షో శుక్రవారం ఫస్ట్ షో కంటే మెరుగ్గా నడిచింది. నాలుగో వారం దాకా స్క్రీన్లు వదల్లేదు.

ఆ పార్కింగ్ వాదనే థ్రిల్లర్‌కి పబ్లిసిటీ. ఎందుకంటే దీనికి రిపీట్ ఆడియన్స్ ఉండరు. కామెడీ సినిమాని స్నేహితులతో ఒకసారి, ఇంట్లోవాళ్లతో ఒకసారి చూస్తారు. మాస్ సినిమాకి అభిమానులు మూడుసార్లు వస్తారు. హంతకుడు ఎవరో తెలిశాక థ్రిల్లర్‌కి రెండోసారి టికెట్ కొనేవాళ్లు చాలా తక్కువ. కాబట్టి ప్రతి టికెట్ కొత్త మనిషిది, ఆ కొత్త మనిషిని చూసినవాడు ఒకడు పంపాలి. వాడు పంపాలంటే క్లైమాక్స్ బాగుండాలి. ప్రేమకథలో చివరి పావుగంట కొంచెం తగ్గినా పాటల కోసం, హీరోయిన్ కోసం బాగుందనే అంటారు. థ్రిల్లర్‌లో గంటా నలభై నిమిషాలు ఊపిరి బిగబట్టించి చివర్లో హంతకుడి ఫ్లాష్‌బ్యాక్ పేలవంగా ఉంటే "ఫస్టాఫ్ సూపర్, కానీ..." అంటారు. ఆ "కానీ" దగ్గరే సోమవారం పోతుంది.

ట్విస్ట్ బయటికి వచ్చేస్తే సినిమా పోతుందని చాలామంది భయపడతారు. నేను ఆ మాటతో ఏకీభవించను. మలయాళంలో 'దృశ్యం' రెండో భాగం 2021 ఫిబ్రవరిలో నేరుగా ఓటీటీలోనే వచ్చింది. కథ, మలుపులు దేశమంతా చర్చించుకున్నారు. అదే కథ హిందీలో 2022 నవంబర్‌లో థియేటర్లకి వస్తే మన దేశంలోనే 200 కోట్లకి పైగా నెట్ వసూలు చేసింది. పాత్రల మీద జనానికి మనసు ఉంటే తెలిసిన ముడి విప్పడాన్ని చూడటానికి కూడా వస్తారు. సోషల్ మీడియాలో లీకుల మీద కోప్పడే బదులు చివరి ఇరవై నిమిషాలు ఎలా ఉన్నాయో తెలుసుకోండి. కొనేవాళ్లకి సినిమా చూపించకుండా ట్రైలర్ మాత్రమే చూపిస్తే నేనైతే ఆ బేరం అక్కడే ఆపుతాను.

ఇక పేరున్న హీరో సంగతి. హీరో ఉంటే థ్రిల్లర్ కూడా మాస్ సినిమాలా మొదలవుతుంది. 'హిట్' పేరుతో వచ్చిన సినిమాల వరసే చూడండి. మొదటి కేసు, అంటే మొదటి సినిమా, 2020 ఫిబ్రవరి 28న, అప్పటికి పెద్ద మార్కెట్ లేని హీరోతో వచ్చి, మాట మీద నిలబడింది. రెండు వారాలకే కరోనాతో మన దగ్గర థియేటర్లు మూతపడ్డాయి. మూడో కేసుకి, అంటే 2025 మే 1న, నానీయే హీరో. నాలుగు రోజుల్లో ప్రపంచమంతా కలిపి వంద కోట్ల గ్రాస్ దాటిందని నిర్మాతలు ప్రకటించారు. తర్వాతి రోజులు ఆ వేగంతో నడవలేదు. అదే తెలుగు, అదే జానర్, అదే దర్శకుడు. కానీ మొదటిది కొన్నవాడి ఆలోచన వేరు, మూడోది కొన్నవాడి ఆలోచన వేరు. మొదటిదాన్ని నమ్మకంతో, తక్కువ ధరకి కొంటారు. మూడోదాన్ని మూడు రోజుల ఓపెనింగ్ చూసి కొంటారు. మీ బావమరిది మొదటి రకం సినిమాని మూడో రకం ధైర్యంతో కొంటున్నారు. నాకు కనిపిస్తున్న అసలు చిక్కు ఇదే.

ఈ పొరపాటు మా ఆఫీసులోనే జరిగింది, కొనమని చెప్పింది నేనే. చాలా ఏళ్ల కిందటి మాట. ఒక యువ హీరో ప్రేమకథ ఇక్కడ బాగా ఆడింది. తర్వాతి సినిమా థ్రిల్లర్. ప్రేమకథకి వచ్చిన షేర్‌లో ముప్పాతిక వంతు ధరకే ఇస్తున్నారు కదా, చవకేనని లెక్కవేశాను. శనివారం పిల్లల్ని తీసుకుని కుటుంబాలు వచ్చాయి, ఆ ప్రేమకథ గుర్తుతో. మొదటి హత్య సీను రాగానే పాపని ఎత్తుకుని బయటికి వచ్చిన ఒక తల్లి ముఖం నాకింకా గుర్తుంది. "పిల్లలతో చూడొచ్చని రాయాలి కదండీ" అంది నాతో, నేను థియేటర్ మనిషిననుకుని. సోమవారం మ్యాట్నీకి మెజెస్టిక్ దగ్గర సింగిల్ స్క్రీన్‌లో 31 మంది. థియేటర్ అద్దె కూడా రాలేదు. మా భాషలో దాన్ని డెఫిసిట్ అంటాం. వచ్చింది లేకపోగా, తేడా మన జేబులోంచి థియేటర్‌కి కట్టాలి. పది రోజులు అలా కట్టాం. హీరో మార్కెట్ అనేది సినిమా జానర్ మారితే వెంట రాదని అప్పుడు తెలిసింది. ప్రేమకథకి వచ్చినవాళ్లలో సగంమంది హత్యల సినిమాకి రారు.

ఇందుకే సెన్సార్ సర్టిఫికెట్ అడగండి. 2024 నవంబర్ నుంచి యూఏలోనే 7+, 13+, 16+ అని మూడు మెట్లు పెట్టారు. అవైతే తల్లిదండ్రులు తీసుకొస్తే పిల్లల్ని రానిస్తారు. 'ఏ' వస్తే 18 లోపు వాళ్లకి ప్రవేశం లేదు. బెంగళూరు మల్టీప్లెక్సుల్లో గుర్తింపు కార్డు అడుగుతారు. పీయూ (మన ఇంటర్) కాలేజీ కుర్రాళ్లు ఒక గుంపుగా పోతారు, కుటుంబాలు ఇంకో గుంపుగా పోతాయి. 'ఏ' ఉన్న సినిమాలు ఆడవని కాదు, ఇప్పుడు చెప్పిన 'హిట్' మూడో కేసు కూడా 'ఏ' సర్టిఫికెట్ సినిమాయే. కానీ అక్కడ నాని ఉన్నాడు. మీకు లేడు.

బెంగళూరు తెలుగువాళ్లని లక్షల్లో లెక్కపెట్టడం కూడా జాగ్రత్తగా చెయ్యాలి. ఇక్కడి మన ఐటీ కుర్రాళ్లు థ్రిల్లర్‌కి నిజంగానే మంచి ప్రేక్షకులు. సెకండ్ షో వీళ్లదే. సబ్‌టైటిల్స్ ఉంటే కన్నడం, తమిళం, హిందీ మాట్లాడే టీమ్‌మేట్స్‌ని కూడా వెంట తెస్తారు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్న కంటెంట్ ఇస్తారా అని నిర్మాతని ఇప్పుడే అడిగి అగ్రిమెంట్‌లో రాయించండి. విడుదల వారంలో అడిగితే దొరకదు. కానీ ఇదే జనం పండగ వస్తే ఊళ్లో ఉండరు. సంక్రాంతి, దసరా, ఉగాదికి మడివాళ, ఆనందరావ్ సర్కిల్ దగ్గర బస్సుల కోసం నిలబడే గుంపులు చూసే ఉంటారు. ఆంధ్రలో పండక్కి బొమ్మ పడితే పండగే, ఇక్కడ అదే రోజుల్లో మన ప్రేక్షకుడు బస్సులో ఉంటాడు. చిన్న థ్రిల్లర్‌కి నేనెప్పుడూ మామూలు శుక్రవారమే అడుగుతాను. ఏప్రిల్, మే అయితే ఐపీఎల్ పట్టిక పక్కన పెట్టుకుని చూస్తాను. ఆర్‌సీబీ మ్యాచ్ ఉన్న సాయంత్రం ఫస్ట్ షో లేనట్టే.

మీరు కొనేది కర్ణాటక హక్కులు, బెంగళూరు హక్కులు కావు. ఆ ధరలో బళ్లారి, రాయచూరు, సింధనూరు, చింతామణి, బాగేపల్లి, పావగడ అన్నీ ఉన్నాయి. పెద్ద మాస్ సినిమాకి ఆ ఊళ్లు బంగారం. బళ్లారిలో పొద్దున ఆరు గంటల షోకి ఈలలు వినాలి మీరు. కానీ పేరు లేని థ్రిల్లర్‌కి అక్కడి సింగిల్ స్క్రీన్లలో రెండో రోజుకే సీట్లు ఖాళీ. నా అనుభవంలో ఇలాంటి సినిమా షేర్‌లో చాలావరకు బెంగళూరు నగరం నుంచే వస్తుంది. నిర్మాత మొత్తం రాష్ట్రం పేరు చెప్పి ధర అడిగినా, మీరు నగరం ధరే ఇవ్వాలి.

టికెట్ ధర మీద కూడా ఒక మాట. 2025 సెప్టెంబర్‌లో కర్ణాటక ప్రభుత్వం పన్నులు కాకుండా 200 రూపాయలకి మించి టికెట్ అమ్మకూడదని నిబంధన తెచ్చింది. ఆ నెలలోనే హైకోర్టు మధ్యంతర స్టే ఇచ్చింది. కోర్టులో ఏది ఎలా తేలినా మీ లెక్క 200 నెట్ మీదే వేసుకోండి. అప్పుడు మొదటి వారం మీ వాటా 106 కాదు, 100. వీకెండ్‌లో 350, 400కి టికెట్లు తెగితే అది మీకు అదనంగా వచ్చినట్టు. ఆ ధర మీదే ఆశ పెట్టుకుని లెక్క వెయ్యకండి.

అన్నిటికంటే మీరు గట్టిగా పట్టుకోవలసింది ఓటీటీ తేదీ. మన సినిమాలు ఎక్కువగా నాలుగు వారాలకే ఓటీటీలో వచ్చేస్తున్నాయి. 2024లో విజయ్ సేతుపతి 'మహారాజ' జూన్ 14న థియేటర్లకి వచ్చి జూలై 12న నెట్‌ఫ్లిక్స్‌లో పడింది. సరిగ్గా 28 రోజులు. ఆ సినిమా మాట బలంతో రోజురోజుకీ పెరిగి ప్రపంచమంతా కలిపి వంద కోట్లు దాటింది, తెలుగు డబ్బింగ్ కూడా బాగా ఆడింది. అలాంటి సినిమాకే నాలుగు వారాలు ఇచ్చారు. మీ సినిమాకి అంతకంటే తక్కువ కావచ్చు. పైన వేసిన లెక్కలో మీ ఆఖరి 6 లక్షలు మూడో వారంలో ఉన్నాయి. రెండో వారం మధ్యలో "త్వరలో స్ట్రీమింగ్" అని పోస్టర్ పడితే ఆ 7,600 మంది ఇంట్లోనే కూర్చుంటారు. పెద్ద హీరో సినిమాని ఓటీటీలో చూస్తే తృప్తి ఉండదని థియేటర్‌కి వస్తారు. థ్రిల్లర్‌ని రాత్రి లైట్లు ఆపి సోఫాలో చూసినా బాగానే ఉంటుంది, కాబట్టి ఆగడానికి వెనుకాడరు.

ఇక్కడ ఇంకొకటి అర్థం చేసుకోవాలి. ఓటీటీ డబ్బు, శాటిలైట్, హిందీ డబ్బింగ్, రీమేక్ అన్నీ నిర్మాతవి. 2016లో వచ్చిన 'క్షణం' తక్కువ ఖర్చుతో తీసిన థ్రిల్లర్. తర్వాత తమిళం, హిందీ, కన్నడంలో రీమేక్ అయ్యింది. మంచి థ్రిల్లర్‌కి కథే ఆస్తి. కానీ ఆ ఆస్తిలో ఒక రాష్ట్రం థియేటర్ హక్కులు కొన్నవాడికి చోటు లేదు. అందుకే నిర్మాత సక్సెస్ మీట్ పెట్టి మిఠాయిలు పంచే వారంలోనే ఇక్కడ కొన్నవాడు అప్పు తీర్చే దారి వెతుక్కోవడం నేను చాలాసార్లు చూశాను. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరి జేబులూ వేరు, అంతే.

మరి అసలు వద్దా అంటే, ఇలా అయితే చేయొచ్చు అంటాను. మొదట కమీషన్ పద్ధతి అడగండి. సినిమా నిర్మాతదే, నష్టం నిర్మాతదే, మీరు వేసిపెట్టినందుకు శాతం తీసుకుంటారు. మొదటిసారి ఈ రంగంలోకి వచ్చేవాళ్లకి ఇదే మేలు. బుకింగ్ ఎలా జరుగుతుందో, ఎవరు డబ్బు సమయానికి కడతారో చేతికి తెలుస్తుంది. వాళ్లు ఒప్పుకోకపోతే అడ్వాన్స్ పద్ధతి. కొంత సొమ్ము ముందు ఇస్తారు, షేర్‌లోంచి అది, మీ ఖర్చులు, మీ కమీషన్ తీసుకున్నాక మిగిలింది నిర్మాతకి పంపుతారు. రాకపోతే తిరిగి ఇవ్వాలన్న షరతు ఉండాలి, ఏ తేదీలోపు అన్నది కూడా ఉండాలి. అవుట్‌రైట్ తప్ప వేరే దారి లేదంటే నేను 30 నుంచి 35 లక్షల మధ్యే మాట్లాడతాను. పైన చూపిన చెడ్డ లెక్కలో షేర్ 44 వచ్చింది కదా, ఖర్చు 12 పోతే మిగిలింది 32. సోమవారం పడిపోయినా మునగకుండా ఉండే ధర అదే. సోమవారం నిలబడితే ఆ ధరలోనే మీకు నిజమైన లాభం ఉంది.

అగ్రిమెంట్‌లో నేను ముందుగా వెతికేవి మూడు. ఓటీటీ తేదీ ఎన్ని రోజుల తర్వాత, అంతకంటే ముందే వేసేస్తే మీకు పరిహారం ఏమిటి. విడుదల తేదీ వాయిదా పడితే మీ డబ్బు మీద ఏమవుతుంది. చిన్న థ్రిల్లర్లు పెద్ద సినిమా రాగానే రెండు వారాలు వెనక్కి జరుగుతుంటాయి, మీరు పోస్టర్లు మళ్లీ అచ్చువేయాలి. మూడోది, పెయిడ్ ప్రీమియర్స్ ఎవరి లెక్కలోకి వస్తాయి. ఈ మధ్య మంచి టాక్ మీద నమ్మకం ఉన్న సినిమాలకి ఒక రోజు ముందు, రెండు రోజుల ముందు ప్రీమియర్లు వేస్తున్నారు. థ్రిల్లర్‌కి అది మంచి పని, మాట ముందే పుడుతుంది, శుక్రవారం పొద్దున 27 మంది అనే పరిస్థితి ఉండదు. కానీ ఆ షోల షేర్ మీకు రావాలి. రాయకపోతే తర్వాత గొడవ.

మీ బావమరిది మీద నాకు ఏ అనుమానమూ లేదు. సినిమా మీద ఇష్టంతోనే అడుగుతున్నారని మీ ప్రశ్నలోనే తెలుస్తోంది. ఆయన్ని ఒకసారి గాంధీనగర్ రమ్మనండి, ఏ బుకింగ్ ఆఫీసులోనైనా ఈ ఏడాది వచ్చిన రెండు మూడు చిన్న థ్రిల్లర్ల డీసీఆర్‌లు చూపించమని అడగమనండి. శుక్రవారం అంకె చూడొద్దు, సోమవారం నుంచి గురువారం దాకా ఉన్న నాలుగు అంకెలు కాగితం మీద రాసుకోమనండి. మధ్యాహ్నం మూడు దాటాక వెళితే తీరిగ్గా మాట్లాడతారు, శుక్రవారం మాత్రం వెళ్లొద్దు. అగ్రిమెంట్ ముసాయిదా చేతికి వచ్చాక పేర్లు, సంతకాలు తీసేసి ఆ మూడు షరతులు ఎలా రాశారో ఇక్కడ పెట్టండి, సంతకం పెట్టే లోపే చూసి చెబుతాను.